పాఠాల ముయ్యి

ప్లస్ వన్‌లో చేరిన కొత్తలో ఒక సాయంత్రం మా నాయన నా బడిసంచిని పట్టుగూళ్లు తూచే కాటాకు తగిలించాడు. ముల్లు ఎక్కడ ఆగిందో చూశాడు. సంచి దించి, ఉత్త కాటాను ఒకసారి పరీక్షగా చూసుకుని, మళ్లీ తగిలించాడు. కాటా చెడిపోయిందేమోనని ఆయన అనుమానం.

"ఏం పాపా, రాళ్లు మోస్తావుండావా?" అన్నాడు.

రాళ్లు కావు. ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు, బాటనీ, జువాలజీ, తమిళం, ఇంగ్లీషు, వాటి వెంట దిట్టమైన అట్టలున్న రికార్డు పుస్తకాలు, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా. నేను వరసగా చెబుతుంటే ఆయన ఒక్కొక్కటే బయటికి తీసి, చేతిలో ఎగరేసి అంచనా కట్టాడు. లెక్కల పుస్తకం దగ్గర ఆగాడు.

"ఇదొగటి దించేస్తే ఎంతో తేలికవుతాది" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు గానీ, ఊరికే అన్న మాట కాదది. ఫస్ట్ గ్రూపు అంటే లెక్కలూ జీవశాస్త్రమూ రెండూ ఉండే గ్రూపు. మా స్కూల్లో అది ఇంగ్లీషు మీడియంలోనే ఉంది. పదో తరగతి దాకా నేను చదివింది తమిళంలో. పొద్దున బడి మొదలయ్యే ముందు ఒక స్పెషల్ క్లాసు, బడి అయ్యాక ఇంకొకటి, రోజూ ఏదో ఒక సబ్జెక్టులో స్లిప్ టెస్టు. తమిళనాడు ధర్మపురి జిల్లాలో మా ఊరు ఏ. పళ్లిపట్టి కూడలికి లోపల ఉంటుంది కాబట్టి, బస్సు దిగి ఇంకా నడవాలి. ఇల్లు చేరేసరికి వెలుతురు పోయే వేళ అవుతుంది. ఇంటికి వస్తే పట్టుపురుగులకు మేత వేసే పని నా కోసమే కాచుకుని ఉంటుంది. మా అమ్మ బట్టల కంపెనీ వ్యానులో తెల్లవారకముందే పోయి పొద్దు గూకాక వస్తుంది. నాయనకు తోడు మా అవ్వా నేనూ. అదే కామర్సు గ్రూపైతే స్పెషల్ క్లాసుల గోల లేదు, షెడ్డుకు రెండు చేతులు కలిసొస్తాయి. నాయన లెక్క అది, అందులో తప్పేమీ లేదు.

నాకేమో ఏదీ వదలాలని లేదు. డాక్టరు కావాలనో ఇంజనీరు కావాలనో పట్టుదల ఉందనుకునేరు, అదీ లేదు. గోడకు అవతల ఏముందో చూడకుండా ఉండలేని బుద్ధి నాది. రెండు తలుపులు చూపించి ఒకటే తెరవమంటే, తెరవని తలుపు ముందే కూర్చునే రకాన్ని. అందుకే రెండూ కావాలన్నాను. తీసుకున్నాక, ఇంత పనిని మనుషులు ఎలా చేస్తున్నారన్నది నాకు పెద్ద వింతైపోయింది.

ఆ వింత తేల్చుకోవడానికి కనిపించినవాళ్లనందరినీ అడగడం మొదలుపెట్టాను. ప్లస్ టూలో ఫస్టు వచ్చే అక్క ఒకామె మా బస్సులోనే వచ్చేది. ఎక్కడమే ఆలస్యం, కిటికీకి తల ఆనించి నిద్రపోయేది. ఇలా నిద్రపోయే మనిషి ఎప్పుడు చదువుతుంది? కొన్నాళ్లు ఆమె వెనక సీటులో కూర్చుని కనిపెట్టాను. ఒకరోజు ఉండబట్టలేక తట్టి లేపి అడిగేశాను. "రాస్తా" అంది ఆమె తమిళంలో, కళ్లు పూర్తిగా తెరవకుండానే. "ఏది చదివినా చెయ్యి నొప్పి పుట్టేదాకా రాస్తా." నేనూ రాశాను. చెయ్యి నొప్పి పుట్టింది, పాఠం మాత్రం రాలేదు. ఇంకొకమ్మాయి పొద్దున్నే నానేసిన బాదంపప్పు తినమంది. బాదం మా ఇంట్లో లేదు, వేరుశనక్కాయలు తిన్నాను. జెరాక్సు అంగడి ఆయన పరీక్షలో వచ్చే ప్రశ్నలు ఇవేనంటూ ఒక కట్ట అమ్మాడు. ఆ కట్టలోని ప్రశ్నలు ఏ పరీక్షలోనూ నాకు ఎదురుపడలేదు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

నా పక్కన కూర్చునేవాళ్లు ఇద్దరు. ఒకామె మా మేనత్త కూతురు. నాకంటే కొన్ని నెలలు పెద్ద కాబట్టి వదిన. క్లాసులో కూడా "వదినా" అనే పిలిచేదాన్ని, అది విని మిగతావాళ్లు నవ్వేవాళ్లు. ఇంకొకామె బి. మల్లాపురం వైపు నుంచి వచ్చే తమిళ అమ్మాయి, క్లాసులో అందరికంటే పొడుగు. మా ఇద్దరితో కూర్చుని కూర్చుని ఆ పొడుగమ్మాయికి తెలుగు అర్థమయ్యేది, తిట్లైతే మాట్లాడేది కూడా. ముగ్గురి ఇళ్లలోనూ పట్టుపురుగులే. అందుకే మా తలలు ఒకే దారిలో పోయాయి, బోల్తా పడింది కూడా అందుకే.

మా వైపు ముయ్యి అని ఒక పద్ధతి ఉంది. ఈ రోజు మా పనికి మీరొస్తే, మీకు పని పడిన రోజు మేమొస్తాం. కూలి మాట ఉండదు. కొమ్మలు కోసినవాళ్లకు కొమ్మలు కోసే పెట్టాలి, పురుగులు ఏరినవాళ్లకు పురుగులు ఏరే పెట్టాలి. ఇంటి తరపున ఎవరు వచ్చినా చెల్లుతుంది గానీ, పిలిచినప్పుడు రాకుండా ఉంటే మాత్రం ఆ ఇంటి మర్యాద పోతుంది. అలా వచ్చేవాళ్లు ముయ్యాళ్లు. తమిళ ఇళ్లలో పేరు వేరే, పద్ధతి ఇదే. పురుగులు పెద్దవై రాత్రీ పగలూ మేసే రోజుల్లో ముయ్యాళ్లు లేకుండా ఏ షెడ్డూ గట్టెక్కదు.

ఒకరోజు బస్సు ఎక్కే చోట, రికార్డులో వేయాల్సిన బొమ్మలు తలుచుకుని ఏడుపు ముఖం పెట్టుకుని కూర్చున్నప్పుడు, నాకు ఆ ఆలోచన తట్టింది.

"వదినా, చదువుకు ముయ్యి పెట్టుకుందామా?" అన్నాను.

"అంటే?"

"ఫిజిక్సు, కెమిస్ట్రీ నువ్వు చూసుకో. మ్యాత్సు ఆమె. బయాలజీ నేను. ఎవుర్ది వాళ్లు ముగ్గురికీ చేసేది."

పొడుగమ్మాయి మా ఇద్దరి తలల మీదుగా వంగి, "రికార్డు బొమ్మలు కూడానా?" అంది. బొమ్మలు కూడా అన్నాను. వెంటనే ఒప్పుకుంది.

ఆ తరువాతి రోజులు ఎంత హాయిగా గడిచాయో చెప్పలేను. నేను బొద్దింక లోపలి భాగాల బొమ్మలు మూడు వేశాను, ఒకదానికంటే ఒకటి అందంగా. జీవశాస్త్రంలో ఒక్కో పాఠానికి నోట్సు రాసి ఇద్దరికీ ఇచ్చాను. నా చేతికి లెక్కల నోట్సు వచ్చింది. పొడుగమ్మాయి చేతిరాత గుండ్రంగా, చూడముచ్చటగా ఉండేది. నేను దాన్ని తిరగేసి, చూసి మురిసి, సంచిలో పెట్టుకునేదాన్ని. ట్రిగొనామెట్రీ అయిపోయింది అనుకునేదాన్ని. నిజంగానే అలా అనుకున్నాను. పుట్టినప్పటి నుంచీ మేము చూసింది అదే మరి. ముయ్యాళ్లు వచ్చి కొమ్మలు కోశారంటే ఆ పని అయిపోయినట్టే. ఎవరు కోశారని పురుగు అడగదు, తింటుంది. మా ముగ్గురికీ తల కూడా అలాగే తింటుందనిపించింది.

నెల పరీక్ష వచ్చింది. లెక్కల పేపరు ముందు పెట్టుకుని కూర్చుంటే నాకు పొడుగమ్మాయి చేతిరాత కళ్ల ముందు కనబడింది. ఆ రాతలో ఏముందో మాత్రం కనబడలేదు. పక్కకు చూస్తే ఆమె దించిన తల ఎత్తకుండా రాస్తోంది. మర్నాడు జీవశాస్త్రం రోజు ఆమె సీలింగు ఫ్యాను చూస్తూ కూర్చుంది, నేను తల ఎత్తలేదు. ఫిజిక్సు రోజు మేమిద్దరం కలిసి ఫ్యాను చూశాం.

మార్కులు ఇచ్చిన రోజు మా క్లాసు టీచరు, లెక్కలు చెప్పే మిస్సు, మా ముగ్గురి పేపర్లూ టేబులు మీద పరిచి పెట్టుకుంది. ఒక్కొక్కళ్లు ఒక్కో చోట క్లాసు ఫస్టు, మిగతా చోట్ల ఫెయిలు. ఇలాంటిది ఆమె ఎప్పుడూ చూసి ఉండదు. చాలాసేపు పేపర్లనూ మా ముఖాలనూ మార్చి మార్చి చూసి, "మిమ్మల్ని ముగ్గుర్నీ కలిపి కుడితే ఒక మంచి స్టూడెంటు వస్తుంది" అంది. కాపీ కొట్టారా అంటే, ఒకరిది ఒకరికి రాలేదు కాబట్టి అదీ కాదు. ఏం చేశారని అడిగింది. చెప్పాం. ఆమె ఊరు సేలం, పట్టుపురుగుల సంగతి తెలియదు. రెండోసారి చెప్పించుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక మాత్రం ముఖం మారింది. క్వార్టర్లీ పరీక్షలో కూడా ఇలాగే ఉంటే గ్రూపు మారడమే మంచిదని, ఇంట్లో చెప్పి రమ్మని అంది. ఆ మాట ముఖ్యంగా నన్ను చూసి అంది. లెక్కలలో అందరికంటే అడుగున ఉన్నది నేనే.

నాయనకు చెప్పాను. ఆయన షెడ్డులో తట్టల మీద సున్నం చల్లుతున్నాడు. చల్లడం ఆపకుండా విన్నాడు.

"క్వార్టర్లీ దాకా చూద్దాము. అప్పుడూ మ్యాత్సు రాలేదంటే మారిపోవాల. ఏడ్చేది గీడ్చేది ఉండకూడదు."

"సెరి నాయనా."

"పురుగుల పని కూడా ఆగకూడదు."

దానికీ సెరి అన్నాను. కొత్త పంటకు పిల్ల పురుగులు తెచ్చే రోజును ఆయన ఆలోచించే పెట్టాడు. పరీక్షలన్నీ అయ్యాక పురుగులు పండేటట్టు. పండడమంటే, పురుగు మేత మానేసి, ఒళ్లు పచ్చబడి, తల పైకెత్తి గూడు కట్టే చోటు వెతుక్కోవడం. అప్పుడు వాటిని ఏరి, చంద్రికలనే వెదురు చట్రాల మీద వదలాలి. కొన్ని గంటల్లో వదలకపోతే ఎక్కడివక్కడే దారం కక్కేసి పాడుచేసుకుంటాయి. నా మీద కోపం ఉన్నా, నా పరీక్ష తేదీలు అడిగి మరీ పురుగులు తెచ్చాడు నాయన. అది నేను అప్పుడు సరిగ్గా గమనించలేదు.

పురుగులు పెద్ద మేతకు వచ్చేసరికి పరీక్షలు దగ్గర పడ్డాయి. ఒక శనివారం వదినా పొడుగమ్మాయీ మా తోటకు ముయ్యికి వచ్చారు. పాఠాల ముయ్యి చెడినా, చేతుల ముయ్యి ఉంది కదా అన్నారు. వాళ్లిద్దరూ మల్బరీ వరసల్లో కొమ్మలు కోస్తున్నారు. నేను గట్టు మీద లెక్కల పుస్తకం తెరిచి కూర్చున్నాను. గండం నాది కాబట్టి నాకు మాఫీ ఉంటుందనుకున్నాను.

మా అవ్వ కోసిన కొమ్మలను మోపు కడుతోంది. నన్ను చూసి చేతిలో తాడు కింద పడేసింది.

"ఏమే, మహారాణీ! ముయ్యికి పిలిచినోళ్లు గట్టున కూకుంటే వచ్చినోళ్లకు చేతులాడతాయా? లెయ్యి! సొంతదారు ముందు వరసలో ఉండాల."

"అవ్వా, నాకు పరీక్ష..."

"వాళ్లకు లేదా? వాళ్లేమన్నా బర్రెలు మేపేదానికి పోతావుండారా బడికి?"

అవ్వతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. పుస్తకం సంచిలో కుక్కి కొడవలి పట్టుకున్నాను. కోపంతో కొమ్మలు టపటపా కోస్తుంటే వదిన పక్క వరస నుంచి ఎకసెక్కం మొదలుపెట్టింది.

"బుక్కు లేకపోతే నీకు నోరు పెగలదా? ఆ బొద్దింక గురించి ఏందేందో రాసిచ్చినావే, చెప్పు చూద్దాము. నాకు ఒక్క ముక్క అర్థం కాలే."

చెప్పడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు మాటలు పుస్తకంలో ఉన్నట్టే అప్పజెప్పాను. వదిన ఒప్పుకోలేదు. ఊపిరి పీల్చే రంధ్రాలంటే ఏవి, ఎక్కడున్నాయి, చూపించు అంది. బొద్దింకను ఎక్కడి నుంచి తేను? పురుగులూ అదే జాతి కాబట్టి వాటికీ ఉండాలన్నాను. ఉండాలనడమే గానీ ఉన్నాయో లేదో నాకూ తెలియదు. అందరం షెడ్డుకు పోయాం. సున్నం నీళ్లలో కాళ్లు తడుపుకుని లోపలికి పోయి, ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు పట్టాను. ఒంటికి రెండు పక్కలా, బారుగా, నల్లటి చుక్కలు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ చుక్కలు చూస్తున్నాను. అవేమిటని ఎప్పుడూ అడిగింది లేదు. ప్రతిదీ అడిగే నేను, దీన్ని అడగలేదు.

"ఇవే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "వీటికి ముక్కు లేదు. ఊపిరి పీల్చేది ఇక్కడి నుంచే."

వదిన పురుగును లాక్కుని చూసింది. పొడుగమ్మాయి వంగి చూసింది. అవ్వ తన కళ్లజోడు కోసం ఇంటికి పోయి వచ్చి మరీ చూసింది.

"చుక్కలు అందం కోసం పెట్టినాడేమో దేవుడు అనుకుంటిని" అంది అవ్వ. "నోరు ఒగచోట, ఊపిరి ఒగచోటనా? అదేమి ఏర్పాటు?"

అదేమి ఏర్పాటో నాకు తెలియదు. తెలుసుకుని చెప్తానన్నాను. ఆ రోజు కొమ్మలు కోస్తూ పొడుగమ్మాయిని నేను లెక్కలు అడిగాను. ఆమె నోట్సులో గుండ్రంగా రాసి ఇచ్చినవే. ఇదెందుకు ఇక్కడికి వచ్చింది, అది ఎందుకు పోయింది అని విసిగించాను. కొన్నిటికి ఆమె దగ్గర కూడా జవాబు లేదు. ఆగి, కొడవలి మొనతో మట్టిలో గీసుకుని, తప్పు గీసి, కాలితో చెరిపి, మళ్లీ గీసింది. ఆ గీతలు చూస్తుంటే, ఇన్నాళ్లూ నేను గట్టునే కూర్చున్నానని అర్థమైంది. నా చేలోకి ముయ్యాళ్లు వచ్చారు, నేను దిగలేదు.

అప్పటి నుంచి పద్ధతి తిరగేశాం. ఎవరికి ఏది రాదో వాళ్లే అది చెప్పాలి, వచ్చినవాళ్లు ప్రశ్నలు వేయాలి. లెక్కలు నేను చెప్పాలి, పొడుగమ్మాయి అడగాలి. బస్సు ఎక్కే చోట, టిఫిన్ వేళ, కొమ్మల దగ్గర, చేతులు ఏ పనిలో ఉన్నా నోరు మాత్రం ఆ పనిలోనే ఉండేది. నేను తప్పు చెప్పినప్పుడల్లా పొడుగమ్మాయి తనకు వచ్చిన తెలుగు తిట్లన్నీ తిట్టేది. పని ఏమీ తగ్గలేదు. నిజం చెప్పాలంటే పెరిగింది. కానీ రాత్రి పడుకునేటప్పుడు ఏడుపు రావడం మానేసింది, ఎందుకో నాకే ఆశ్చర్యంగా ఉండేది.

పరీక్షలు మొదలయ్యాయి. మధ్యలో ఒకరోజు జోరుగా వాన. జిల్లాలో బడులకు సెలవిచ్చారు. ఆ రోజు జరగాల్సిన లెక్కల పరీక్షను అన్నిటికంటే చివరికి మార్చారు. పురుగులేమో వాన చూసి ఆగలేదు. లెక్కల పరీక్ష పొద్దున నేను లేచేసరికి నాయన షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"పండినాయి" అన్నాడు.

తట్టలన్నీ ఒకేసారి. పురుగులు తలలెత్తి గాలిలో ఊపుతున్నాయి. అమ్మ అప్పటికే కంపెనీ వ్యాను ఎక్కేసింది. లీవు కావాలంటే ముందుగా చెప్పాలి. ఉన్నది నాయనా, అవ్వా, యూనిఫారంలో నేను. నాయన నా వైపు చూడలేదు. చూస్తే పొమ్మనాలి, లేదా ఉండమనాలి. రెండిట్లో ఏదీ ఆయన నోటికి రావడం లేదని నాకు అర్థమైంది. నేను సంచి దించి చేతులు కడుక్కున్నాను. అప్పుడు నాకు కలిగిన దుఃఖం ఇంతా అంతా కాదు. వచ్చింది రాయకుండా పోవడం ఏమీ రాకుండా పోవడం కంటే ఎక్కువ నొప్పి అని ఆ పొద్దున తెలిసింది.

ఒక తట్ట ముందు కూర్చున్నానో లేదో బయట మాటలు వినబడ్డాయి. మా అత్త, ఆమె వెనక తలగుడ్డ చుట్టుకుని ఇంకొకామె. ఆ రెండో ఆమెను నేను అంతకుముందు చూడలేదు. ఆ పొడవు చూసి పోల్చుకున్నాను. పొడుగమ్మాయి వాళ్లమ్మ. వానకు పరీక్ష వెనక్కు పోయినప్పుడే పిల్లలిద్దరూ లెక్క వేసుకుని, ఇళ్లలో చెప్పిపెట్టారట. రెండు రోజులుగా మా అత్త అవ్వకు ఫోను చేసి పురుగుల సంగతి అడుగుతూనే ఉందట.

"మా పిల్లోళ్లు పరీక్షకు పోయినారు. ముయ్యికి మేమొచ్చినాము" అంది అత్త.

నాయన లేచి నిలబడ్డాడు. ఆ తమిళామెను చూసి ఇబ్బంది పడ్డాడు. "మీ పాప ఒకసారి వచ్చింది. ఆ ముయ్యే మేమింకా తీర్చలేదు. మళ్లీ మీరు..." అన్నాడు తమిళంలో.

"పాప పరీక్షకు పోవాలి కదణ్ణా" అంది ఆమె. అంతే అని, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నా ముందున్న తట్టను తన వైపు లాక్కుంది.

"ఇంగా ఏం చూస్తావే, బస్సు పోతాది!" అని అరిచింది అవ్వ. నేను పరుగెత్తాను.

లెక్కలలో పాసయ్యాను. గొప్ప మార్కులేమీ కావు, క్లాసు మధ్యలో ఎక్కడో. మిస్సు పేపరు ఇస్తూ, ఉండొచ్చు, మారొచ్చు, రెండూ చెప్పలేని మార్కు ఇది అంది. ఇంట్లో ఏమంటారో తెలుసుకుని సోమవారం చెప్పమంది. నాయనకు పేపరు చూపించాను. తిప్పి తిప్పి చూసి, మడిచి ఇచ్చేశాడు. బుధవారం అడిగాను, గురువారం అడిగాను. "చూద్దాములే" అన్నాడు. అవ్వను అడగమంటే, "మీ నాయన నోరు నాకెట్ల తెలుసు, నేను కన్నది మనిషిని, నోరు కాదు" అంది.

శనివారం పొద్దున నాయన ధర్మపురి మార్కెట్టుకు పోతానని మోపెడ్ తీశాడు. నాకు స్పెషల్ క్లాసు ఉంది. క్లాసులో ఉండగా పొడుగమ్మాయి రాలేదేమని చూస్తే, వాళ్లింట్లో పురుగులు పండాయని వదిన చెప్పింది. ఆ ఇంటికి తీర్చాల్సిన ముయ్యి నాది. పండిన రోజు ఏరడానికి వచ్చారు, పండిన రోజే పోయి ఏరాలి. క్లాసు వదలగానే వదినా నేనూ బి. మల్లాపురం బస్సు ఎక్కాం. వాళ్ల షెడ్డు ముందు మా నాయన మోపెడ్ నిలబెట్టి ఉంది.

లోపల ఆడవాళ్ల మధ్య, తలకు తువ్వాలు చుట్టుకుని, నాయన గొంతుకూర్చుని పురుగులు ఏరుతున్నాడు. పొద్దున్నుంచీ ఉన్నట్టున్నాడు, ఆయన పక్కన నిండిన చంద్రికలు వరసగా ఆనించి ఉన్నాయి. నన్ను చూసి, "క్లాసు అయిపోయిందా?" అన్నాడు.

"ఇది నా ముయ్యి నాయనా. నన్ను పిలవాల్సింది."

"నీకు క్లాసు ఉండాది కదా. నీదైతే ఏమి, నాదైతే ఏమి. కూర్చో."

కూర్చున్నాను. కళ్లు తుడుచుకుంటే పురుగుల దగ్గర అపచారమని తల వంచుకుని ఏరాను. కాసేపటికి ఆయనే అడిగాడు.

"ఈ పొద్దు మ్యాత్సులో ఏం చెప్పినారు?"

నేను బడికి పోవడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆయన అలా అడగడం అదే మొదటిసారి. వస్తువులను ఎన్ని విధాలుగా వరస పెట్టొచ్చో చెప్పారన్నాను. ఆయన వెనక ఆనించిన చంద్రికలు చూపించి చెప్పాను. మూడుంటే ఆరు విధాలు. ఆయన చేత్తో గాలిలో మార్చి మార్చి పెట్టుకుని, అవునన్నాడు. రెండుంటే రెండు విధాలు. ఒకటుంటే ఒకటే.

"ఒగటీ లేకపోతే?"

"దానికీ ఒకటే నాయనా."

నాయన చేతులు ఆగాయి. పొడుగమ్మాయి వాళ్లమ్మ కూడా ఏరడం ఆపి మా వైపు చూసింది.

"ఒక్క చంద్రికా లేదు. వరస పెట్టేదానికి ఏమీ లేదు. మళ్లా ఒక విధం యాడ నుంచి వస్తాది?"

నేను పుస్తకంలో ఉన్నది చెప్పాను. ఒప్పుకోలేదు. పొడుగమ్మాయి ఏదో చెప్పబోయింది, ఆమెకూ కుదరలేదు. వదిన నవ్వు ఆపుకుంటోంది. నాకు తెలియదని ఒప్పేసుకున్నాను.

నాయన మళ్లీ ఏరడం మొదలుపెట్టాడు. ఒక పురుగును చంద్రిక మీద వదిలి, అది పట్టు దొరకబుచ్చుకునేదాకా చూశాడు.

"సోమవారం మీ మ్యాత్సు మిస్సును అడిగి వచ్చి నాకు చెప్పు" అన్నాడు. "మర్చిపోవద్దు."